షాపుకి ఏ నెట్ పెట్టించుకోవాలి: కంపెనీ ఫైబరా, లోకల్ కేబులా, ఎయిర్ ఫైబరా?

కొత్తగా షాపు గానీ ఆఫీసు గానీ పెట్టేవాళ్లు అద్దె, కరెంటు మీటరు, బోర్డు, ఫర్నిచరు అన్నీ చూసుకున్నాక చివర్లో నెట్ కనెక్షన్ సంగతి పట్టించుకుంటారు. అప్పుడు కూడా "ఎంత స్పీడు, నెలకి ఎంత?" అనే రెండు ప్రశ్నలతో సరిపెడతారు. వ్యాపారానికి అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నెట్ పోతే మీ దగ్గర ఏ పని ఆగిపోతుంది? పోయిన లైను బాగు చెయ్యడానికి ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు? కౌంటర్ దగ్గర బిల్లు కొట్టేటప్పుడు 100 ఎంబీపీఎస్‌కీ 300కీ తేడా ఎవరికీ తెలియదు. శనివారం సాయంత్రం రద్దీలో రెండు గంటలు లైను లేకపోతే మాత్రం గల్లా చెబుతుంది.

ముందు మీ పని చూసుకోండి

చిన్న కిరాణా కొట్టుకి బ్రాడ్‌బ్యాండ్ అక్కర్లేదు. కనెక్షన్ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి ముందే చెబుతున్నాను. స్కానర్ మీద కస్టమర్ డబ్బు కొట్టేది తన ఫోన్లో ఉన్న నెట్‌తో. డబ్బులు అందాయని పలికే సౌండ్ బాక్స్‌లో దాని సిమ్ దానికే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే సరుకుల చీటీలకి, హోల్‌సేల్ యాప్‌లో ఆర్డర్ పెట్టడానికి రోజుకి 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్ చాలు. ఆ ఐదారు వందలు నెలనెలా మిగుల్చుకోండి.

జిరాక్స్, ఆన్‌లైన్ పనులు చేసే సెంటర్ అయితే లెక్క వేరు. కౌన్సెలింగ్ తేదీలు, హాల్ టికెట్లు, ఉద్యోగ దరఖాస్తుల ఆఖరి రోజులు వచ్చాయంటే నాలుగైదు సిస్టమ్‌ల మీద ఒకేసారి పని నడుస్తుంది. 50 నుంచి 100 ఎంబీపీఎస్ ఫైబర్ దానికి ధారాళంగా సరిపోతుంది. ఆఖరి రోజున సైటు తెరుచుకోకపోతే అది చాలాసార్లు అటువైపు సర్వర్ మీద పడిన భారం. మీరు పెద్ద ప్లాన్‌కి మారినా అది తేలిక కాదు. నెలకోసారి 11న జీఎస్టీఆర్-1 రిటర్నుకి, 20న 3బీ రిటర్నుకి కూర్చునే అకౌంట్స్ ఆఫీసులకీ ఇదే వర్తిస్తుంది. ఆ రెండు తేదీల్లో వాళ్లకి కావాల్సింది తెగని లైను. 30 ఎంబీపీఎస్ ఉన్నా ఇబ్బంది ఉండదు.

చీరల షాపులు, బొటిక్‌లు ఇప్పుడు ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో లైవ్ పెట్టి అమ్ముతున్నాయి. వీళ్లు చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె డౌన్‌లోడ్‌ది. స్పష్టమైన లైవ్‌కి 5, 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ గంటసేపు తగ్గకుండా రావాలి. 1 జీబీ వీడియో ఎక్కించాలంటే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 13 నిమిషాలు పైనే పడుతుంది, 100 ఉంటే నిమిషంన్నరలో అయిపోతుంది. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి రెండు వైపులా ఒకే స్పీడు ఇస్తారు. ఎయిర్ ఫైబర్ (తీగ లేకుండా 5జీ టవర్ నుంచి వచ్చే నెట్), సిమ్ మీద నడిచే నెట్‌లో అప్‌లోడ్ బాగా తక్కువ ఉంటుంది, పైగా గంటకో రకంగా మారుతుంది. కాబట్టి లైవ్ అమ్మకాలే ప్రధానమైన షాపు ఫైబర్ దొరికినంతవరకు వేరే దాని జోలికి పోకూడదు.

సీసీ కెమెరాల దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. కెమెరాలు డీవీఆర్ డబ్బాలో ఉన్న హార్డ్ డిస్క్‌లోకి రికార్డు చేస్తుంటే దానికి నెట్ ఖర్చే లేదు. మీరు ఇంటి నుంచి ఫోన్లో చూసినప్పుడు మాత్రమే నెట్ వాడకం మొదలవుతుంది. అదే కెమెరా నేరుగా క్లౌడ్‌లోకి ఎక్కించే రకం అయితే, సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రోజంతా పంపితే రోజుకి 21.6 జీబీ, నెలకి దాదాపు 650 జీబీ. అలాంటివి రెండు పెడితే నెలకి 1,300 జీబీ దగ్గరకి పోతుంది. ఎయిర్ ఫైబర్ ప్లాన్లకు సాధారణంగా నెలకి 1,000 జీబీ పరిమితి ఉంటుంది. అంటే నెల మూడో వారం దాటేసరికి స్పీడు పడిపోతుంది, మీరేమో లైను బాగాలేదని ఫిర్యాదు చేస్తూ కూర్చుంటారు. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో ఈ పరిమితి 3,300 జీబీ దాకా ఉంటుంది. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్న ప్లాన్‌కి కూడా ఆ అంకె ఎంతో అడిగి తెలుసుకోండి.

కంపెనీ వాళ్లదా, మన కేబుల్ ఆయనదా

జియో, ఎయిర్‌టెల్, ఏసీటీ లాంటి కంపెనీల ఫైబర్ తీసుకుంటే ఫిర్యాదు యాప్‌లో పెట్టాలి. టికెట్ నంబర్ వస్తుంది, ఫీల్డ్ ఇంజనీర్ వస్తాడు. పద్ధతిగా ఉంటుంది కానీ ఆ వచ్చే మనిషికి మీ వీధి కొత్త కావచ్చు. లోకల్ కేబుల్ ఆపరేటర్ అయితే మీ లైను ఏ స్తంభం మీద నుంచి ఏ మేడ మీదికి వచ్చిందో ఆయన కుర్రాడికి కళ్లకి కట్టినట్టు తెలుసు. ఫోన్ చేస్తే ఆదివారమైనా బండేసుకుని వస్తాడు. కోతులు కొరికేసినా, డ్రైనేజీ పనికి వచ్చిన జేసీబీ తెంపేసినా గంటలో అతుకు వేసి పోయే మనిషి ఉండడం చిన్న షాపుకి పెద్ద అండ. జిల్లా పట్టణాల్లో, మండల కేంద్రాల్లో నేనైతే మంచి పేరున్న లోకల్ ఆపరేటర్ వైపే మొగ్గుతాను.

అయితే మంచి పేరున్న అనే మాట గట్టిగా పట్టుకోండి. లోకల్ ఆపరేటర్ నెట్ తయారు చెయ్యడు, పైనుంచి పెద్ద సంస్థ దగ్గర కొని పంచుతాడు. ఆయనకి పైనుంచి ఒకటే లింకు ఉండి అది పోతే, ఊళ్లో ఆయన కనెక్షన్లన్నీ ఒకేసారి పోతాయి. "మీకు పైనుంచి ఎన్ని లింకులు ఉన్నాయండీ, కంట్రోల్ రూమ్‌లో జనరేటర్ ఉందా?" అని మొహమాటపడకుండా అడగండి. ఏర్పాట్లు ఉన్న ఆపరేటర్ సంతోషంగా చెబుతాడు. మాట దాటేశాడంటే ఇంకో చోట విచారించండి.

బీఎస్ఎన్ఎల్ ఫైబర్ చాలా ఊళ్లలో లోకల్ ఫ్రాంచైజీ చేతుల మీదుగానే వస్తుంది. రైల్వే పట్టాల వెంట ఉన్న ఫైబర్ ఆధారంగా నడిచే రైల్‌టెల్ వాళ్ల రైల్‌వైర్ కూడా అంతే. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. టీవీ, ఫోన్, 15 ఎంబీపీఎస్ నెట్ కలిపి నెలకి 149 రూపాయలతో అది మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, కేబుల్ ఆపరేటర్ల ద్వారానే కనెక్షన్లు ఇచ్చారు. వీటన్నిటిలో పేరు ఒకరిది, సేవ ఇంకొకరిది. అందుకే ఒకే సంస్థ కనెక్షన్ తెనాలిలో బ్రహ్మాండంగా ఉందని, పక్క ఊళ్లో పనికిరాదని వింటాం. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు.

దీనికి గూగుల్ రేటింగ్ కన్నా మంచి కొలత మీ వరుసలోనే ఉంది. పక్కన మెడికల్ షాపు, ఎదురుగా డయాగ్నస్టిక్ ల్యాబ్, పైన ట్యూషన్ సెంటర్ ఉంటే వెళ్లి అడగండి. "నెట్ బాగుందా?" అంటే బాగానే ఉందంటారు. "ఈ వానాకాలంలో ఎన్నిసార్లు పోయింది, పోతే ఎప్పటికి వచ్చింది, ఎవరికి ఫోన్ చేశారు?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. రాత్రి ఏడున్నర, ఎనిమిదింటికి వాళ్ల ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టి చూపించమనండి. ఫైబర్‌లో ఒక లైనుని 32 లేదా 64 కనెక్షన్లకి పంచుతారు. ఇళ్లలో అందరూ టీవీల ముందు కూర్చున్న వేళ వచ్చే స్పీడే అసలు స్పీడు.

డబ్బా దాకా వచ్చే వైరు ఏది

ఫైబర్ అని చెప్పి అమ్మినా, కొన్ని పాత కాంప్లెక్సుల్లో మీ షాపులోకి వచ్చేది మామూలు లాన్ వైరు. ఫైబర్ బిల్డింగ్ దాకా వచ్చి, అక్కడ మెట్ల కింద పెట్టెలో ఉన్న స్విచ్ దగ్గర ఆగిపోతుంది. ఆ స్విచ్ కరెంటుతో నడుస్తుంది. మీ షాపులో ఇన్వర్టర్ ఉన్నా, ఆ పెట్టెకి కరెంటు లేకపోతే మీకు నెట్ లేదు. పైగా రాగి వైరు కాబట్టి పిడుగులు పడ్డప్పుడు రౌటర్, ఒక్కోసారి కంప్యూటర్ కూడా కాలిపోయే ప్రమాదం ఉంటుంది.

మీ షాపులో పెట్టే మోడెమ్ డబ్బా దాకా సన్నటి ఫైబర్ తీగే వచ్చిందనుకోండి, మధ్యలో కరెంటు అవసరమైన పరికరాలు సాధారణంగా ఉండవు. ఆపరేటర్ కంట్రోల్ రూమ్‌లో కరెంటు, మీ డబ్బాకి ఒక మినీ యూపీఎస్ ఉంటే వీధంతా చీకటైనా మీ బిల్లింగ్ నడుస్తుంది. డబ్బాకి, రౌటర్‌కి సరిపోయే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెద్ద ఖర్చేం కాదు. పెద్ద ప్లాన్‌కి మారే డబ్బుతో ముందు అది కొనండి.

ఎయిర్ ఫైబర్ ఎవరికి

2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఎయిర్ ఫైబర్ తెచ్చాయి. మేడ మీద ఒక పెట్టె బిగిస్తారు, అది దగ్గరలో ఉన్న 5జీ టవర్ నుంచి సిగ్నల్ తీసుకుని కింద రౌటర్‌కి ఇస్తుంది. రోడ్డు మీద తీగ లేదు కాబట్టి తెగే గొడవ లేదు. ఫైబర్ రాని కొత్త లేఅవుట్లు, హైవే పక్క దాబాలు, ఊరి బయట గోడౌన్లు, రైస్ మిల్లుల ఆఫీసులకి ఇది మంచి దారి.

తీసుకునే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. మీది గ్రౌండ్ ఫ్లోర్ షాపు అయితే మేడ మీద పెట్టె పెట్టడానికి బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోవాలి, ఆ సంగతి అడ్వాన్స్ కట్టకముందే మాట్లాడుకోండి. రెండోది టవర్ రద్దీ. జాతర, తిరునాళ్లు, ఎన్నికల సభ ఏదైనా దగ్గర్లో జరిగితే అదే టవర్ మీద వేల ఫోన్లు పడతాయి. మీ వ్యాపారం బాగా జరిగే రోజూ అదే అయితే ఒక్క ఎయిర్ ఫైబర్ మీద ఆధారపడడం మంచిది కాదు.

లీజ్డ్ లైను గురించి ఎక్కువ చెప్పను. అందులో స్పీడు ఎవరితోనూ పంచుకోరు, ఎక్కినా దిగినా ఒకటే వేగం. ఎంతసేపట్లో బాగు చెయ్యాలో ఒప్పందంలో రాసిస్తారు. ధర మాత్రం మామూలు ఫైబర్‌కి ఎన్నో రెట్లు. స్కానింగ్ ఫిల్ములు రాత్రీ పగలూ వేరే ఊరి డాక్టర్లకి పంపే సెంటర్, విదేశీ క్లయింట్లతో మాట్లాడుతూ ముప్పై నలభై మంది పనిచేసే ఆఫీసు, ఇలాంటివాళ్లు ఆలోచించాలి. పదిమంది లోపు ఉన్న ఆఫీసు ఆ డబ్బులో కొంత పెట్టి రెండు మామూలు లైన్లు తీసుకుంటే సరిపోతుంది.

రెండో లైను వేరే దారిలో రావాలి

రెండు కంపెనీల ఫైబర్ పెట్టించుకుని, ఒకటి పోతే ఇంకోటి ఉందిలే అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. బయటికి వచ్చి స్తంభం వైపు చూడండి. రెండు తీగలూ ఒకే స్తంభం మీద, ఒకే కట్టలో ఉంటే మీకున్నది ఒక్క లైనే. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తరువాత విద్యుత్ శాఖ స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తీసేయించింది. అలాంటి కేబుళ్లు తీయాల్సిందే, ప్రాణాలతో ముడిపడిన విషయం అది. కానీ ఆ రోజుల్లో నగరంలో చాలా కాలనీల్లో అన్ని కంపెనీల నెట్టూ కలిసే పోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఎన్ని ఫైబర్లు ఉన్నా స్తంభం ఒకటే అయితే లాభం లేదని అప్పుడు తేలింది.

కాబట్టి మొదటిది ఫైబర్ అయితే రెండోది గాలిలో వచ్చేది ఉండాలి. పెద్ద షాపుకి ఎయిర్ ఫైబర్, చిన్నదానికి సిమ్ వేసే 4జీ లేదా 5జీ రౌటర్, ఇంకా చిన్నదానికి ఫోన్ హాట్‌స్పాట్. ఆ సిమ్ మీ ఫోన్లో ఉన్న కంపెనీది కాకుండా వేరేది తీసుకోండి, ఆ కంపెనీ సిగ్నల్ మీ కౌంటర్ దగ్గర ఎన్ని గీతలు చూపిస్తుందో చూశాకే. రెండు లైన్లు పెట్టుకునే రౌటర్లు దొరుకుతాయి, ఒకటి పోగానే వాటంతట అవే రెండోదానికి మారతాయి. కౌంటర్లో కుర్రాళ్లు మాత్రమే ఉండే షాపుకి ఇది చాలా ఉపయోగం. హోల్‌సేల్ వ్యాపారులకి ఇంకా అవసరం. 50,000 రూపాయలు దాటిన సరుకుకి సాధారణంగా ఈ-వే బిల్లు లేనిదే బండి కదలదు. హమాలీలు లోడ్ చేసి, డ్రైవర్ స్టార్ట్ చేసుకుని కూర్చున్నాక నెట్ కోసం ఆగడం ఎంత టెన్షనో ఆ వ్యాపారం చేసేవాళ్లని అడగండి.

తీర ప్రాంతం వాళ్లకి ఇంకో మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు స్తంభాలూ పోయాయి, ఫోన్ సిగ్నళ్లూ పోయాయి. అలాంటి తుఫానుకి ఏ రెండో లైనూ ఆగదు. అక్కడ పనికొచ్చేది నెట్ లేకుండా కూడా బిల్లు కొట్టగలిగే సాఫ్ట్‌వేర్, పాత పద్ధతిలో ఒక బిల్లు పుస్తకం. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడే ఆఫ్‌లైన్లో పనిచేస్తుందా అని వైరు పీకి చూపించమనండి.

డబ్బు, కాగితాలు

టెలికాం సేవల మీద జీఎస్టీ 18 శాతం. 1,000 రూపాయల ప్లాన్ అంటే కట్టేది 1,180. మీకు రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, బిల్లు మీ జీఎస్టీ నంబర్‌తో ఉంటే, ఆ 180 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. ఇంటి ప్లాన్‌ని షాపులో వేసి సరైన బిల్లు ఇవ్వని ఆపరేటర్ చవకగా కనిపించవచ్చు, ఈ లెక్క వేశాక చూడండి చవకేనా అని. ఇంటి ప్లాన్‌ని వ్యాపారానికి వాడొద్దని షరతుల్లో ఉందేమో కూడా చూసుకోవాలి.

బిజినెస్ ప్లాన్ పేరుతో స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నెట్ అడ్రస్) అంటగడతారు. ఫోన్లో కెమెరాలు చూడడానికి, దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్‌ని ఎనీడెస్క్‌తో వాడడానికి ఇప్పుడు అది అక్కర్లేదు. మీ దగ్గరే సర్వర్ పెట్టి, బ్రాంచీల వాళ్లు నేరుగా దానిలోకి వచ్చేటట్టయితే కావాలి. మీ సాఫ్ట్‌వేర్ అతను కావాలని చెబితే ఎందుకో అడిగి తీసుకోండి.

ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అంటారు. మొదట్లోనే ఆ ఆశకి పోవద్దు. ఒక నెల, వీలైతే మూడు నెలలు వాడి చూసి, వానలు కూడా దాటాక ఏడాదికి కట్టండి. ముందే కట్టినవాడికి ఫోన్ ఎత్తే తొందర ఎవరికీ ఉండదు. ఫిర్యాదు పెట్టినప్పుడల్లా డాకెట్ నంబర్ తీసుకుని రాసిపెట్టండి. పరిష్కారం కాకపోతే ఆ నంబర్‌తోనే కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు నేరుగా విచారించదు.

కనెక్షన్ ఇచ్చే రోజు

ఆ రోజు మీరు షాపులో ఉండండి, కుర్రాడికి వదిలేసి వెళ్లకండి. ఫైబర్ తీగ షట్టర్ కింద నలిగేలా, తలుపు సందులో మడత పడేలా లాగనివ్వొద్దు. బిల్లింగ్ కంప్యూటర్‌కి వైఫై కాకుండా లాన్ వైరే వేయించండి, సగం "నెట్ స్లో" ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. కస్టమర్లకి వైఫై ఇవ్వాలనుకుంటే గెస్ట్ పేరుతో వేరేగా పెట్టించండి, బిల్లింగ్ సిస్టమ్ ఉన్న వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

వచ్చిన టెక్నీషియన్ దగ్గర చిన్న పవర్ మీటర్ ఉంటుంది. ఫైబర్ కొస దానికి పెట్టి రీడింగ్ చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే లైను బాగున్నట్టు. మైనస్ 27 అంటే అంచు మీద ఉందని, రేపో ఎల్లుండో ఇబ్బంది పెడుతుందని అర్థం. అప్పుడే అతుకు మళ్లీ వేయించండి, సంతకం పెట్టి పంపేశాక రప్పించడం కష్టం. ఆ రీడింగ్, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఆపరేటర్ నంబర్, టెక్నీషియన్ నంబర్ ఒక కాగితం మీద రాసి డబ్బా పక్కన గోడకి అంటించండి. ఆ కాగితం కిందే ఇంకో రెండు ముక్కలు రాయండి: డబ్బా మీద ఎల్ఓఎస్ (LOS) అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే సిగ్నల్ రానట్టు, చాలాసార్లు తీగ తెగినట్టు, డబ్బా ఆపి వేసినా ఉపయోగం లేదు, వెంటనే ఫోన్ చెయ్యాలి. పాన్ (PON) అని రాసిన లైటు పచ్చగా నిలకడగా ఉండి నెట్ రాకపోతే ముందు రీచార్జ్ గడువు చూసుకోవాలి, ఆ తరువాత డబ్బా ఆపి వెయ్యాలి, అప్పటికీ రాకపోతే ఫోన్.